రక్తదాత ప్రశ్నాపత్రం గారికి, ఏటా టైఫాయిడ్ వచ్చేవాడి నమస్కారాలు

మహారాజశ్రీ రక్తదాత ప్రశ్నాపత్రం గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీకు నేను గుర్తుండను. మీ గళ్లలో టిక్కులు పెట్టి వెళ్లేవాళ్లు రోజుకు ఎందరో. నేను పెట్టకుండా వెళ్లినవాణ్ణి.

మా నాన్నకు బైపాస్ చేసిన రోజున, విజయవాడలో ఒక ఆసుపత్రి మెట్ల కింద, ప్లాస్టిక్ బల్ల మీద మనం కలిశాం. వాడిన రక్తానికి బదులుగా ఇంట్లోవాళ్లు నాలుగు యూనిట్లు ఇవ్వాలన్నారు. అప్పటికే నా వేలు గుచ్చి ఒక చుక్క తీశారు. నీలం రంగు కాపర్ సల్ఫేట్ నీళ్లలో వేస్తే, ఎక్కడా ఆగకుండా తిన్నగా అడుక్కి దిగింది. హిమోగ్లోబిన్ సరిపడా ఉంటేనే అలా మునుగుతుందట. ‘బంగారంలాంటి రక్తం’ అన్నాడు ఆ కుర్రాడు. ఆ తర్వాత తమరు వేంచేశారు.

‘అన్నిటికీ లేదని కొట్టెయ్యి బామ్మర్దీ, టిఫిన్ చల్లారిపోతోంది’ అన్నాడు మా అక్క మొగుడు. నా భుజం మీదుగా వంగి మిమ్మల్ని చదువుతున్నాడు కూడా. మగవాళ్లతో లైంగిక సంబంధాలున్న మగవాడివా అని మీరు అడిగిన గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన మీసం నా చెవికి తగులుతోంది. గోప్యత విషయంలో మీ ఏర్పాట్లను ఎంత పొగిడినా తక్కువే.

పైన రాసినదంతా నిజమని మీ కాళ్ల దగ్గర సంతకం పెట్టాలి. మా నాన్న దస్తావేజు లేఖరి. సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం ఉండకూడదని పెంచారు. అందుకని కాగితం మీద కాకుండా నోటితో ఆడాను: ‘మొన్ననే టైఫాయిడ్ వచ్చి తగ్గింది.’

టైఫాయిడ్‌కు మీ శిక్ష ఏడాది. పచ్చబొట్టుకూ ఏడాదే. మలేరియాకు కోలుకున్నాక మూడు నెలలు. నాకు మాత్రం యావజ్జీవం. అందువల్ల ఏటా టైఫాయిడ్‌ను పునరుద్ధరించుకోవలసి వస్తోంది. మా అమ్మ దీన్ని పూర్తిగా నమ్మింది. నా ఒంటి తత్వమే అంత అని, నీళ్లు కాచుకోవడానికి ఒక ఇత్తడి గిన్నె ప్రత్యేకంగా కొనిచ్చింది.

మీ జాతకం తిరగేశాను. జాతీయ రక్తమార్పిడి మండలి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి 2017లో మీకు మార్గదర్శకాలు రాసి, 12, 51 నిబంధనల్లో మమ్మల్నీ ట్రాన్స్‌జెండర్లనూ సెక్స్ వర్కర్లనూ ఒక గాటన కట్టాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మా బతుకు నేరం కాదంది. మీ దాకా ఆ కబురు రాలేదు కాబోలు. మణిపూర్‌కు చెందిన ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి సాంతా ఖురాయ్ 2021లో మీ మీద అదే కోర్టుకు వెళ్లారు. నిపుణుల్ని అడిగి చూడండని 2025 మేలో ధర్మాసనం కేంద్రానికి చెప్పింది. అక్కడ మీది మామూలు వాయిదా, మీ దగ్గర నాది శాశ్వత వాయిదా.

మీ భయం ఉత్తిదని నేను అనను. మా వాళ్లలో హెచ్‌ఐవీ ఎక్కువన్నది నిజం. కొత్తగా సోకితే కొన్నాళ్లపాటు పరీక్షకు దొరకదన్నదీ నిజం. నెలకు ఒకటి రెండుసార్లు రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల పక్కన నేనూ కూర్చున్నాను. కానీ ఆ రోజు నా పక్క కుర్చీలో ఒకాయన, మీ ప్రశ్నలన్నిటి మీదుగా పైనుంచి కిందికి ఒకే గీత గీసి ‘లేదు’ అని రాశాడు. చదవనైనా చదవలేదు. ఎక్కువమందితో సంబంధాలున్నాయా అని ఆయన్నూ అడిగారు, కాదనను. ఆయన లేదన్నాడు, తమరు నమ్మారు, సంచి నిండింది. తొమ్మిదేళ్లుగా ఒక్కడితోనే ఉంటూ, ఇద్దరమూ పరీక్షలు చేయించుకుంటూ ఉన్న నేను నిజం చెబితే ప్రమాదకరం, అబద్ధం చెబితే 350 మిల్లీలీటర్ల ప్రాణదాతను.

మా స్నేహితులు ఇందులో ఏకాభిప్రాయానికి వచ్చారని అనుకోకండి. వద్దన్నవాళ్ల గుమ్మం దగ్గర పడిగాపులు దేనికని ఒకడి కోపం. నియమం ఉండనీ, ఆ పిల్లల ప్రాణం ముందు మన పౌరుషం ఎంత అని ఇంకొకడు. పెళ్లయిన బైసెక్సువల్ మిత్రుడు మూడు నెలలకోసారి ఇచ్చి వస్తాడు. నిజం చెబితే పోయేది రక్తదానం ఒక్కటే కాదు, కాపురం కూడా. లండన్‌లో ఉన్నవాడు తన భాగస్వామితో కలిసి వెళ్లి ఇచ్చి, బిస్కెట్టు తింటూ ఫొటో పంపాడు. అక్కడ 2021 జూన్ నుంచి ఆడా మగా తేడా లేకుండా గత మూడు నెలల్లో ఏం చేశావనే అడుగుతున్నారు. వాణ్ణి ఒకే ఒక్కసారి ఆపారట. విజయవాడ వచ్చి వెళ్లినందుకు, మలేరియా భయంతో!

ప్లాస్మా సంగతి కూడా చెప్పాలి. 2020లో కరోనా నుంచి కోలుకున్నవాళ్లు వచ్చి ఇవ్వండని టీవీల్లో బతిమాలుతుంటే, కోలుకున్న నేను ఇంట్లో కూర్చున్నాను. 2021 మేలో, దానివల్ల ప్రయోజనం లేదని ఆ చికిత్సనే జాబితాలోంచి తీసేశారు. నా ప్లాస్మా పనికిరాదని అందరికంటే ముందు కనిపెట్టిన ఘనత మాత్రం మీదే.

మొన్న ఆదివారం మా వీధి చివర ఒక హీరో పుట్టినరోజు శిబిరం పెట్టారు. ‘అన్నకు ఎప్పుడూ టైఫాయిడే’ అని నవ్వి, కుర్రాళ్లు నన్ను పళ్లరసం పొట్లాలు పంచే పనిలో పెట్టారు. సాయంత్రం దాకా పంచాను. మధ్యలో అమ్మ ఫోను చేసి, ఎండలో నిలబడకు, మళ్లీ తిరగబెడుతుంది అంది. నీళ్లు కాచుకునే తాగుతున్నానని చెప్పాను.

ఇట్లు,
బి పాజిటివ్, శాశ్వత వాయిదా