బాలేన్‌ను చూసింది చాలు, ఆయన కూర్చున్న కుర్చీని చూడండి

ఖాట్మండు మేయర్‌గా పనిచేసిన బాలేన్ షా గురించి మన దగ్గర వచ్చిన రాతల్లో చాలా భాగం ఆయన నల్లకళ్లద్దాల చుట్టూ, ర్యాప్ పాటల చుట్టూ తిరుగుతుంది. ఆయన మేయర్ పదవి వదిలి జాతీయ రాజకీయాల్లోకి వెళ్లాక ఆ సందడి ఇంకా పెరిగింది. ఆ కథ పాఠకులు రోజూ చూస్తున్నదే, మళ్లీ చెప్పను. నన్ను పట్టుకున్నది దానికి ముందు దశ. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు ఏ పార్టీ అండా లేకుండా, చేతికర్ర గుర్తు మీద 2022 మేలో నిలబడి, 61,767 ఓట్లతో నేపాలీ కాంగ్రెస్‌నూ కమ్యూనిస్టు పార్టీ యూఎంఎల్‌నూ ఓడించి రాజధానికి మేయరయ్యారు. గెలవడం ఒక ఎత్తు. గెలిచాక పని చేయగలగడం ఇంకో ఎత్తు. మనం నేర్చుకోవాల్సింది ఆ రెండోదాని గురించి.

2022 ఆగస్టులో న్యూ బానేశ్వర్ ప్రాంతంలో మొదలైన కూల్చివేతలను చాలామంది బుల్డోజర్ రాజకీయం కిందే జమకట్టారు. నేను ఒప్పుకోను. అక్కడ బుల్డోజర్ కంటే ముందు వచ్చింది నక్షా, అంటే అనుమతి పొందిన బిల్డింగ్ ప్లాన్. సెల్లార్ ఎలా మాయమవుతుందో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్లో ఉంటున్న ఎవరికైనా తెలుసు. ప్లాన్‌లో పార్కింగ్ అని ఉంటుంది. ర్యాంపు వాలు, కారు తిప్పుకునే చోటు, పిల్లర్ల మధ్య దూరం అన్నీ గీసే ఉంటాయి. అనుమతి వస్తుంది. బిల్డింగ్ లేచాక ర్యాంపు మూసేసి గోడ కడతారు, లోపల ప్లైవుడ్ పార్టిషన్లు పెడతారు, షట్టర్ బిగిస్తారు. కింద మెడికల్ షాపు, జిరాక్స్ సెంటరు, ఫ్యాన్సీ స్టోరు వెలుస్తాయి. కార్లు రోడ్డెక్కుతాయి. రోడ్డు మీద బండి పెట్టినవాడికి చలానా పడుతుంది, సెల్లార్ అద్దె తినేవాడి జోలికి ఎవరూ వెళ్లరు. ఖాట్మండులో ఈ లెక్క తిరగబడింది. ఆమోదించిన నక్షాలో ఏముంది, కళ్లముందు ఏముంది అని రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట గోడ పగలగొట్టారు. అదీ పెద్ద వాణిజ్య భవనాలతో మొదలుపెట్టి.

ఇంజినీరు మేయరైతే వచ్చే తేడా ఇదే. డ్రాయింగ్ చదవడం రాని మేయర్‌కు టౌన్ ప్లానింగ్ సెక్షన్ ఏది చెబితే అదే వేదం. ‘చిన్న డీవియేషనే సార్, ఫైన్ కట్టించుకుంటే సరిపోతుంది’ అంటే తలూపాల్సిందే. డ్రాయింగ్ చదవడం వచ్చినవాడి దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఏది ఉత్త పార్టిషన్ గోడ, ఏది బరువు మోసే గోడ, ర్యాంపు ఎక్కడ దిగాలి, ఇవన్నీ తనే వేలుపెట్టి చూపిస్తాడు. 2015 భూకంపంలో దాదాపు 9,000 మందిని పోగొట్టుకున్న దేశంలో ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

మన దగ్గరా అంతే. ఖాట్మండులో సెల్లార్లు ఖాళీ చేయిస్తున్న రోజుల్లోనే, 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ మెట్లదారిలో పైకెక్కి 8 మందిని పొట్టనపెట్టుకుంది. ఆర్నెల్లకు, 2023 మార్చిలో, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్ అంటుకుంది. అక్కడ ఆరుగురు, అంతా పాతికేళ్లు కూడా నిండని పిల్లలే. ఈ రెండు ఘోరాల తర్వాత ‘మేయర్ ఏం చేస్తున్నారు?’ అని గట్టిగా నిలదీసినవాళ్లు నాకు కనిపించలేదు. మేయర్ చేతిలో ఏమీ ఉండదని ఊరందరికీ తెలుసు మరి.

అసలు కీలకం ఇక్కడుంది. బాలేన్ ఏ అధికారంతో గోడ పగలగొట్టించారు? నేపాల్ 2015 రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో స్థానిక ప్రభుత్వాలకు 22 అధికారాలు రాసిచ్చింది. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు. పదవి ఐదేళ్లు, రెండుసార్లకు మించి కుదరదు. మున్సిపల్ పోలీసులు నగరపాలిక కిందే ఉంటారు. ఆయన గెలిచినప్పుడు ఉపమేయర్ యూఎంఎల్ మనిషి, 32 వార్డుల అధ్యక్షుల్లో పార్టీలవాళ్లదే జోరు. అంటే సభలో ఆయన ఒంటరి. అయినా నెట్టుకొచ్చారు, ఎందుకంటే ఆయన కుర్చీ వాళ్ల దయ మీద నిలబడలేదు.

బాలేన్ తప్పులు చేయలేదా? చేశారు. థాపాథలీలో బాగ్మతి ఒడ్డున పేదల గుడిసెల మీదికి 2022 నవంబర్‌లో పోయి ఘర్షణ తెచ్చుకున్నారు. తోపుడుబండ్ల వాళ్ల మీద మున్సిపల్ పోలీసులు చూపిన జులుం క్షమించరానిది. ఒక హిందీ సినిమాలో డైలాగ్ నచ్చలేదని 2023లో ఊళ్లో హిందీ సినిమాలన్నీ ఆపిస్తే పాటన్ హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ‘చేతిలో పవర్ ఉంటే ఇలాగే అవుతుంది, అందుకే సర్కారు వేసే కమిషనర్లే నయం’ అనేవాళ్లకు నా జవాబు ఒకటే. ఈ తప్పులకు పేరుంది, ముఖముంది, నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడు. మన భవనాల్లో పోయిన ప్రాణాలకు ఎవరి పేరు రాసుకోవాలి?

బాలేన్ ఎంటెక్ చదివింది బెంగళూరులో, విశ్వేశ్వరయ్య పేరు మీదున్న యూనివర్సిటీ కింద. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం పిలిపించుకున్నది ఆ విశ్వేశ్వరయ్యనే. ఆయన సూచనల ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. తర్వాత ఆయన మైసూరు దివాన్ కూడా అయ్యారు. ఇంజినీరు చేతికి అధికారం ఇస్తే ఏం జరుగుతుందో వందేళ్ల కిందటే చూసిన ఊరు మనది. ఇవాళ వీధికో ఇంజినీరున్న రాష్ట్రాలు మనవి. వాళ్లలో కార్పొరేటర్‌గా నిలబడేవాళ్లు ఎందరు? నిలబడి ఏం చేయాలి? జీహెచ్ఎంసీ చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. నీళ్లు జలమండలివి, శివారు లేఔట్లు హెచ్‌ఎండీఏవి, చెరువుల కబ్జాలు 2024 నుంచి హైడ్రావి. వీటన్నిటి తాళాలూ సచివాలయంలోనే. నగరపాలికలకు ఇవ్వదగ్గ 18 అంశాలను 74వ రాజ్యాంగ సవరణ లెక్కపెట్టి మరీ చెప్పింది. కానీ ఇవ్వడమా మానడమా అన్నది రాష్ట్రాలకు వదిలేసింది. రాష్ట్రాలు మానేశాయి. విశాఖలో 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో మేయర్‌ను దించినప్పుడు కార్పొరేటర్ల క్యాంపుల గురించి తప్ప నగరం గురించి ఒక్క చర్చ వినిపించిందా?

2002లో హైదరాబాద్ ఓటరు మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నాడు. తీగల కృష్ణారెడ్డి అలా గెలిచినవారే. 2009కి వచ్చేసరికి ఆ ఓటు పోయింది, ఎక్స్‌అఫీషియో సభ్యుల, అంటే పదవి రీత్యా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీల లెక్కలు వచ్చాయి. కాంగ్రెస్ తీసేసింది, బీఆర్‌ఎస్ దాదాపు పదేళ్లు ఏలినా తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడున్న ప్రభుత్వం ఆ ఓటు వెనక్కి ఇవ్వాలి. దాంతోపాటు టౌన్ ప్లానింగ్ సిబ్బంది బదిలీలు, బిల్డింగ్ అనుమతుల మీద ఆఖరి సంతకం, ఫైర్ సేఫ్టీ తనిఖీలు మేయర్‌కు అప్పగించాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. అసెంబ్లీ ఒక్క సమావేశంలో చేయగలిగిన పని.