నా లివర్‌కు రీటెస్ట్ కావాలి, మెషిన్ గారూ

విశాఖపట్నం

గౌరవనీయులైన ఎలాస్టోగ్రఫీ మెషిన్ గారికి,

విషయం: నా లివర్ ఎంత బిగుసుకుందో ఇంకొక్కసారి కొలవమని మనవి.

అయ్యా,

నేను స్టీల్ ప్లాంట్ క్వాలిటీ ల్యాబ్‌లో 32 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. కడ్డీని యూటీఎం అనే లాగుడు మెషిన్‌కి బిగించి తెగేదాకా లాగడం, ఎంత బరువు దగ్గర తెగిందో రాసుకోవడం, ఇదే నా ఉద్యోగం. నేను బిగించిన ఏ శాంపిలూ ఒక్క ముక్కగా బయటికి పోలేదు. అలాంటి నేను మొన్న మీ పక్కన చొక్కా పైకెత్తుకుని, కుడిచెయ్యి తల కింద పెట్టుకుని, బుద్ధిగా శాంపిల్‌లా పడుకున్నాను. ఆ కడ్డీల ఉసురే తగిలిందనుకుంటాను.

మీ దాకా ఎందుకొచ్చానంటే, మామూలు స్కానింగ్‌లో గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ అని రాశారు. నేను మందు ముట్టను. ఆ మాట మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కడూ నమ్మలేదు. పక్క ఫ్లాట్ కుర్రాడైతే "పర్లేదు అంకుల్, ఎవరికీ చెప్పన్లెండి" అని ఓదార్చాడు. మందు లేకపోయినా పొట్ట, షుగరు, మాడుగుల హల్వా కలిసి ఆ పని చేసిపెట్టగలవని డాక్టర్ గారు చెప్పారు. కొవ్వు సంగతి సరే, మచ్చలు కట్టి లివరు బిగుసుకుంటోందా అన్నది తేలాలంటూ మీ దగ్గరికి పంపారు.

మీరంటే నాకు మొదట గౌరవమే కలిగింది, అబద్ధమెందుకు. పక్కటెముకల సందున మీ టెక్నీషియన్ అమ్మాయి చల్లటి జెల్ రాస్తూ "ఇదెందుకంటే సార్..." అని మొదలుపెట్టింది. నాకు చెబుతుందా! ఉక్కులో పగుళ్ళు వెతికేటప్పుడు మేం గ్రీజు పూసేవాళ్ళం. మధ్యలో గాలి ఉంటే అల్ట్రాసౌండ్ లోపలికి దిగదు, గుమ్మంలోంచే వెనక్కొచ్చేస్తుంది. బిల్లెట్‌కి, అంటే ఉక్కు దిమ్మకి గ్రీజు, నాకు జెల్. తేడా అంతే. బిల్లెట్టు "అబ్బా, చల్లగా ఉంది" అనలేదు.

తర్వాత మీ ప్రోబ్ మొన టప్‌మని తట్టింది. పాలవాడు తలుపు తట్టినట్టు. ఆ తట్టుకి లోపల అడ్డంగా ఊగుతూ ఒక అల బయల్దేరుతుంది. దాని వెనకాలే అల్ట్రాసౌండ్‌ను పంపి, అది ఎంత జోరుగా పోతోందో మీరు కనిపెడతారు. అల్ట్రాసౌండ్ ఒంట్లో సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. ఈ అల మంచి లివర్లో మీటరు, మీటరున్నర. అంటే గంటకు నాలుగైదు కిలోమీటర్లు, పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి వైఎంసీఏ వైపు నేను నడిచే నడక. లివరు బిగుసుకునే కొద్దీ అల వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని వర్గం చేసి మూడుతో గుణిస్తే లివరు బిగువు, కిలోపాస్కల్స్‌లో. బీచ్‌లో ఇంకాస్త వేగంగా నడవమని చెప్పే డాక్టరే, లోపల అల వేగంగా నడిస్తే మొహం చిట్లిస్తారు.

పది సార్లు తట్టి, పది అంకెల్లో నడిమిది తీసుకుంటారు చూడండి, అక్కడ మీకు నమస్కారం. కొలతలు మరీ చెల్లాచెదరుగా ఉంటే నమ్మరు కూడా. మా దగ్గర మొదటి అంకె నచ్చితే రెండోది కొలవని మహానుభావులుండేవారు. పైగా మీది కోయని పరీక్ష. బయాప్సీ అంటే మా కడ్డీల పద్ధతే, ముక్క తీసి చూడటం. ఆ సూదికి దొరికే ముక్క మొత్తం లివర్లో 50,000 వంతుల్లో ఒకటి, ఉజ్జాయింపుగా.

మీ విద్య మరీ కొత్తదని మాత్రం గర్వపడకండి. ఎలాస్టోగ్రఫీ అనే పేరు 1991లో హ్యూస్టన్‌లో జొనాథన్ ఓఫిర్ బృందం పెట్టింది గానీ, మా ఆవిడ రైతు బజారులో ఈ పని పెళ్ళైన కొత్తలోనే మొదలుపెట్టింది. ఆనపకాయ మీద గోరు ఆనిస్తుంది. దిగితే లేత, దిగకపోతే ముదురు. బెండకాయకి తోక విరుస్తుంది. అది బయాప్సీ. కొట్టువాడు తిట్టేది బెండకాయ దగ్గరే.

ఇక మీ అంకె. 8.1.

ఎనిమిది దాటకపోతే చాలావరకు నిశ్చింత అని తర్వాత తెలిసింది. నేను దాటింది పాయింట్ ఒకటి. మా ఉక్కు 200 గిగాపాస్కల్స్ ఉంటుందండీ, నా లివర్‌కి రెండు కోట్ల రెట్ల పైమాట. ఇంతోటి మెత్తటి వస్తువు గురించి మా ఇంట్లో అర్ధరాత్రి దాకా మీటింగు. రిపోర్టు చదివి మా ఆవిడ అన్న మాట ఇప్పటికీ చుట్టాలందరి నోళ్ళలో నానుతోంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కే, కాదన్నానా? అలాగని లివర్లో పెట్టుకుంటారా!"

మర్నాటి నుంచి ఆనపకాయ పులుసు, ఆనపకాయ కూర, ఆనపకాయ పెరుగుపచ్చడి. హల్వా డబ్బా ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. సాయంత్రం బీచ్‌లో అందరూ మూరీ మిక్చర్ తింటుంటే నేను సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. పరీక్షకు కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. తింటే పేగుల నుంచి లివర్‌కి రక్తం ఎక్కువగా పోయి అంకె పెరుగుతుంది. అంకె పెరగడానికి మచ్చలే ఉండక్కర్లేదు, హెపటైటిస్ వాపుకీ పెరుగుతుంది, గుండె సరిగ్గా పంప్ చేయక లివర్లో రక్తం నిలిచినా పెరుగుతుంది. ఇవన్నీ డాక్టర్ గారి చీటీ వెనకాల ఉన్నాయో లేవో నేను తిప్పి చూడలేదు. ఆ అమ్మాయి మాత్రం అడిగింది. "అన్నం తిన్నారా సార్?" లేదన్నాను. నిజమే చెప్పాను! అంతకు అరగంట ముందు జగదాంబ దగ్గర నేను తిన్నది మూడిడ్లీ, ఒక ప్లేటు మైసూర్ బజ్జీ. అది టిఫిను. టిఫిన్‌ని అన్నం అనే మనిషి మన జిల్లాలో ఎవరైనా ఉన్నారా?

పొడవు సరిగ్గా కోయలేదని, అంచులో బర్ర్, అంటే కోత గరుకు ఉందని ఎన్ని శాంపిళ్ళు తిప్పి పంపానో. కుర్రాళ్ళు వెనకాల తిట్టుకునేవారు. ఆ నేను తిప్పి పంపాల్సిన శాంపిల్‌నై మీ బల్ల ఎక్కాను.

నెల తర్వాత ఖాళీ కడుపుతో మళ్ళీ వచ్చాను, మీకు గుర్తుండే ఉంటుంది. 6.3. అల వేగం సెకనుకు 1.45 మీటర్లు, ఇంటికొచ్చి నేనే లెక్క కట్టుకున్నాను. డాక్టర్ గారు రక్తపరీక్షలు కూడా పక్కన పెట్టి చూసి, ఏడాది తర్వాత రమ్మన్నారు.

అసలు గొడవ ఆ సాయంత్రం మొదలైంది. తగ్గించింది ఆనపకాయే అని మా ఆవిడ. ఇడ్లీ తినకపోవడం వల్ల తగ్గిందని నేను. ఒకేసారి రెండు మార్చి, వచ్చిన ఒక్క ఫలితాన్ని చూసి ఏది ఎవరి గొప్పో చెప్పలేమని ఏ ల్యాబ్ అసిస్టెంటైనా చెబుతాడు. ఆవిడ ల్యాబ్ అసిస్టెంటు కాదు. రెండు రిపోర్టులూ ఫ్రిజ్ మీద అంటించి, మధ్యలో ఆనపకాయ బొమ్మ గీసింది.

అందుచేత మనవి చేసుకునేదేమంటే, డైట్ ఇదే నడుస్తుండగా, ఒక్క పూట మాత్రం టిఫిన్ చేసి వచ్చి మీ బల్ల మీద పడుకోవడానికి అనుమతి ఇప్పించగలరు. అంకె మళ్ళీ ఎనిమిదికి ఎగబాకితే నేను గెలిచినట్టు. పరీక్ష పాత షరతుల్లోనే జరగాలి గనక మూడిడ్లీ, ఒక ప్లేటు మైసూర్ బజ్జీ, అల్లం చట్నీతో సహా. ఖర్చు నాదే. మా ఆవిడకి చెప్పకండి.

ఇట్లు,
మీ శాంపిల్
(కుడి వైపు, పక్కటెముకల సందు)