ఆయిల్ పరీక్ష మిషన్ గారికి ఒక మెకానిక్ దండాలు

మహారాజశ్రీ బల్ల మీది ఆయిల్ పరీక్ష మిషన్ గారికి, మిర్యాలగూడ ట్రాక్టర్ మెకానిక్ ఒకడు దండాలు పెట్టి రాయునది.

మొన్న దుకాణం ముందట తమరి ఆట చూసిన. సేల్స్‌మన్ రైతు తెచ్చిన ఆయిల్ గిన్నెలో పోసి, తిరిగే రింగు మీద రోలర్ ఆనిచ్చి, లివర్‌కు బరువు వేలాడేసిండు. కీచుమని మోటర్ ఆగింది. రోలర్ మీద గోరంత గంటు. అదే గిన్నెలో, ఇంజన్ ఆయిల్‌ల కలపమని తాను అమ్మే మందు డబ్బాలోంచి నాలుగు చుక్కలు వేసిండు. ఈసారి బరువులు పెంచినా మోటర్ గుర్రుమంటనే ఉంది, గంటు ఆవగింజంత. ఒకాయన అక్కడికక్కడే పైసలు తీసిండు.

తమరి బలం కాదనను. కానీ పంజా పట్టించి అల్లుణ్ణి ఎంచుకున్నట్టుంది ఈ తీర్పు. నడిచే ఇంజన్ల క్రాంక్‌షాఫ్ట్ బేరింగును రుద్దుకుంట తిరగదు, పంపు తోసిన ఆయిల్ పొర మీద తేలుతది. ఇంజన్ వాల్వులను తెరిచే క్యామ్ దగ్గర రాపిడి నిజమే. అక్కడ కాపాడేది ఇంజన్ ఆయిల్‌ల ముందే కలిపి ఉండే జింకు మందు కట్టే పొర, దానికి వేడీ కావాలె, టైమూ కావాలె.

ఇసొంటి డబ్బాల్లో కొన్నింట్ల ఉండే క్లోరిన్ పారాఫిన్ అనే రసాయనం తమరికి పంచప్రాణాలు. రింగు మీద మస్తు పనిచేస్తది. ఇంజన్ల మాత్రం వేడికి, తడికి ఆమ్లమై ఆ బేరింగులనే తింటది. ఇగ బైకుల సంగతి చెప్పాల్నా? చాలా బైకులల్ల క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగుంటయి. వాటికి పట్టు కావాలె, అందుకే ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ2 అని, అంటే తడి క్లచ్‌కు పనికొచ్చే జపాన్ ప్రమాణం గుర్తు, చూసి కొంటరు. తమరు మెచ్చిన జారుడు పోస్తే క్లచ్ జారి, రేజ్ ఇచ్చినంత బండి లాగకపోవచ్చు.

తమరి అన్నగారు, నాలుగు ఉక్కు గుండ్లను ఒకదానికొకటి రుద్ది చూసే మిషన్, ల్యాబుల్లో ఉంటడు. 75 డిగ్రీల వేడిలో, 40 కిలోల బరువుతో, నిమిషానికి 1200 చుట్లు, గంటసేపు తిరుగుతడు. పెద్దమనిషి. గ్రీజులను పోల్చి ఊకుంటడు, ఇంజన్ల జాతకం చెప్పడు. ఇంజన్ ఆయిళ్లకు నాణ్యత అక్షరాలిచ్చే అమెరికా సంస్థ ఏపీఐ వాళ్లు క్యామ్ అరుగుదల చూడటానికి ఏకంగా 2.4 లీటర్ల నిస్సాన్ ఇంజన్‌ను 100 గంటలు నడిపించేటోళ్లు. అందుకే నేను ట్రాక్టర్ పుస్తకంల ఏ గ్రేడ్, ఏ ఏపీఐ అక్షరం రాసుంటే అదే పోస్త.

మళ్లొచ్చేటప్పుడు 250 గంటలు నడిచిన ట్రాక్టర్ సంపులోంచి, అంటే ఇంజన్ కింది ఆయిల్ తొట్టిలోంచి, నల్ల ఆయిల్ ఒక గ్లాసు పట్టుకరండి. అది ఇంకెంత మసి మోస్తదో, ఇంకెంత ఆమ్లం ఆపుతదో తమరి రోలర్ మీద చూపించండి. చూపిస్తే డబ్బా ఒకటి కాదు, రెండు కొంట.