మహారాజశ్రీ అడవి దారుల పటం గారి సముఖమునకు

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. కానీ మీరు కుశలంగా లేరన్న సంగతి అమెరికాలో అడవి పక్కనున్న ప్రతి ఊరికీ తెలుసు. బండ్లవాళ్లు మిమ్మల్ని తిడతారు. బండ్లు వద్దనేవాళ్లూ తిడతారు. మిమ్మల్ని అచ్చేయించిన ఇక్కడి అటవీశాఖ, ఫారెస్ట్ సర్వీసు వారు తిట్టరు గానీ, రేంజర్ ఆఫీసు కౌంటర్లో ఓ మూలన పడేసి ఊరుకుంటారు. ఊరికే ఇచ్చే కాగితానికి ఇంతమంది శత్రువులుండటం నేనెక్కడా చూడలేదు.

మీ అసలు పేరు మోటారు వాహన వినియోగ పటం. ఇంటిదగ్గర చదివేవాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇక్కడ జాతీయ అడవులు 154. వాటిలో మట్టిరోడ్లు సుమారు 3,70,000 మైళ్లు, అంటే దేశంలోని ఇంటర్‌స్టేట్ హైవేలన్నిటి పొడవుకు ఏడు రెట్లు మించి. ఆ రోడ్ల మీద మామూలు కార్లు సరే. వాటితోపాటు డర్ట్ బైకులు, నాలుగు చక్రాల ఏటీవీలు, ఇనుప పంజరంలో ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూచుని దుమ్ములో మునిగి ఆనందించే సైడ్-బై-సైడ్‌లు కూడా తిరగొచ్చా, తిరిగితే ఎక్కడెక్కడ అన్నది ఇక్కడ తరాల తగువు. ఆ తగువుకు ప్రభుత్వం రాసిన జవాబే మీరు. మా తెలుగువాళ్లు లాంగ్ వీకెండుకి నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లి అద్దెకు తీసుకునేవి ఈ చివరి రకం. పులిహోర డబ్బా సీటు కింద, గోప్రో కెమెరా నెత్తిమీద. అద్దె షాపువాడు హెల్మెట్ ఇస్తాడు, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటాడు. మిమ్మల్ని కూడా చేతిలో పెడతాడు. మావాళ్లు తిరిగొచ్చేదాకా మిమ్మల్ని విప్పరు.

విప్పినా ఏముంది లెండి. నలుపు తెలుపు. ఒకవైపు గీతలు, ఇంకోవైపు పట్టికలు. కొలరాడోలోని పైక్స్ పీక్ 14,115 అడుగుల కొండ. మీలో అది చదునైన తెల్ల కాగితం. ఎత్తు లేదు, లోయ లేదు, చెట్టు ఊసే లేదు. గీతల పక్కన కొన్నిచోట్ల చుక్కలుంటాయి. అక్కడ రోడ్డు పక్కన టెంటు వేసుకోవచ్చని అర్థం. ఆ చుక్కలకీ ప్రింటు మరకలకీ తేడా తెలియాలంటే భూతద్దం కావాలి. ఇక పట్టిక! ఫలానా నంబరు రోడ్డు, ఫలానా మైలు నుంచి ఫలానా మైలు దాకా, ఫలానా తరగతి బండికి, ఫలానా తేదీల మధ్య మాత్రమే. మా నాన్నగారు ప్రయాణానికి ముందు పంచాంగంలో వర్జ్యం చూసినట్టు నేను మిమ్మల్ని చూస్తూ కూచుంటాను. పంచాంగంలో అక్షరాలు నయం.

అయినా మీ పక్షానే మాట్లాడదామని ఈ ఉత్తరం.

మీరు పుట్టకముందు చాలా అడవుల్లో ఉన్న రూలు ఒకటే: మూసినట్టు బోర్డు లేకపోతే తెరిచినట్టే. దాని ఫలితం ఇలా ఉండేది. మొదటి బండి గడ్డి వంచుతుంది. రెండోది గాడి వేస్తుంది. పదో బండి వచ్చేసరికి అది 'మా తాతల నాటి దారి' అయి కూచుంటుంది. ఇదేదో నేను కల్పించి చెబుతున్నది కాదు. 1866 నాటి గనుల చట్టంలో ఒకే ఒక్క వాక్యం ఉంది, ప్రభుత్వ భూముల మీద రహదారులు వేసుకునే హక్కు ఇస్తున్నామని. 1976లో దాన్ని రద్దు చేశారు, అప్పటికే ఉన్న హక్కులు మాత్రం ఉంచారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని యూటా రాష్ట్రం, అక్కడి కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) కలిసి పన్నెండు వేలకు పైగా దారులు మావేనని కోర్టుకెక్కాయి. ఒక్క వాక్యం ఇన్ని మైళ్లు పరిగెత్తడం ఏ ఇంజనుకైనా సాధ్యమా చెప్పండి.

మీ వంశవృక్షంలో మొదటి పేరు వింటే నవ్వొస్తుంది. అధ్యక్షుడు నిక్సన్ అనగానే లోకానికి వాటర్‌గేట్ కుంభకోణం గుర్తొస్తుంది. ఆయనే 1972 ఫిబ్రవరి 8న ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దేశంలో అప్పటికే అయిదు మిలియన్ల ఆఫ్-రోడ్ బండ్లున్నాయి, అవి తిరిగే దారులు ఎక్కడ పెట్టినా మట్టికి, నీటికి, జంతువులకు, తోటి జనానికి కలిగే నష్టం వీలైనంత తగ్గేలా పెట్టండి అని. 1977లో అధ్యక్షుడు కార్టర్ ఇంకో మెట్టెక్కి, నష్టం కనబడితే వెంటనే మూసేయమన్నాడు. వెంటనే అంటే ప్రభుత్వంలో అర్థం మీకు తెలుసు. 2005 నవంబరులో గానీ అన్ని అడవులకీ ఒకటే రూలు రాలేదు: పటంలో ఉంటేనే దారి, లేకపోతే మూసినట్టే. నిక్సన్ సంతకం ఆరి అప్పటికి 33 ఏళ్లు. ఆ 33 ఏళ్లలో బండ్లు మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగలేదు.

బండ్లు ఎదిగిన తీరు కూడా చెప్పుకోవాలి. మీలో కొన్ని ట్రైళ్లకు, అంటే సన్నటి అడవి దారులకు, '50 అంగుళాలు, అంతకు తక్కువ' అని రాసి ఉంటుంది. పాత ఏటీవీలు ఆ వెడల్పులో హాయిగా పట్టేవి. తర్వాత పొలారిస్ అనే బండ్ల కంపెనీ వాళ్లు సైడ్-బై-సైడ్‌ని కూడా సరిగ్గా 50 అంగుళాలకు కుదించి ఆర్‌జెడ్‌ఆర్ అని వదిలారు. టైలరు కొలతలు తీసుకున్నది కొనేవాడి నుంచి కాదు, మీ నుంచి! అక్కడితో ఆగితే బాగుండేది. ఇప్పుడు 64 అంగుళాలవీ 72 అంగుళాలవీ అమ్ముతున్నారు. కొన్నవాళ్లు దారుల మీద ఫారెస్ట్ సర్వీసు పెట్టే మీటింగుకొచ్చి, ట్రైలు ఇరుకుగా ఉంది, మమ్మల్ని బయట పెడుతున్నారు, ఇది వివక్ష అంటున్నారు. ట్రైలు అక్కడే ఉందండీ. లావెక్కింది ఎవరు?

మీటింగుల సంగతి ఎత్తాను కనుక ఒకదాని గురించి చెబుతాను. ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో మడతకుర్చీలు, స్టాండు మీద మీరు, మనిషికి మూడు నిమిషాలు. టోపీ పెట్టుకున్న ఒకాయన లేచి, ఈ అడవి ప్రజలది, నేను ప్రజని, కాబట్టి గేటు తీయండి అన్నాడు. చేతికర్రలు పట్టుకున్న ఒకావిడ, ఈ అడవి ప్రజలది, నేనూ ప్రజనే, కాబట్టి గేటు వేయండి అంది. మోకాళ్లు రెండూ మార్పించుకున్న ఒక పెద్దాయన, నాకు బండే కాళ్లు, నడవగలిగినవాళ్లకే కొండ సొంతమా అని అడిగాడు. హాలు ఒక్క క్షణం మూగబోయింది. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా సరిగ్గా లేదు, నా దగ్గరా లేదు. ఆఖర్న ఒక వేటగాడు లేచాడు. అక్టోబరులో ఈ రోడ్డు మీద బండ్లు తిరిగితే ఎల్క్ జింకలు పారిపోతాయి, మూసేయాలి అన్నాడు. అందరూ తలలూపారు. అయితే నేను కొట్టిన ఎల్క్‌ని తెచ్చుకోవడానికి నా బండిని మాత్రం వదలాలి అన్నాడు. అంత నిజాయితీపరుడు ఆ హాల్లో ఇంకొకరు లేరు. మిగతావాళ్లు కూడా అడిగింది అదే, తాము దాటాక గేటు వేయమని.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో స్టాండు మీద నిలబడింది మీరు.

బండ్లు ఏం పాడుచేస్తాయండీ, ఉత్త మట్టేగా అని మావాళ్లే అడుగుతుంటారు. కొలరాడో రాజధాని డెన్వరుకి దక్షిణాన పైక్ అడవిలో మట్టి అనేది లేదు. గులాబీ రంగు గ్రానైటు రాయి అరిగి అరిగి సెనగగింజలంత పలుకులైంది, అదే నేల. దాని మీద బూటు వేస్తేనే జారుతుంది. చక్రం ఎక్సిలరేటరు నొక్కి తిరిగితే పలుకులు రెండువైపులా ఎగిరి మధ్యలో జానెడు గాడి పడుతుంది. జులైలో మధ్యాహ్నం వాన కొడితే నీళ్లకు వేరే దారి ఎందుకు, గాడి ఉందిగా. ఆ పలుకులన్నీ వాగులోకి దిగి చేపలు గుడ్లు పెట్టే రాళ్ల సందులు పూడ్చేస్తాయి. ఆ వాగులు పోయి కలిసే సౌత్ ప్లాట్ నది నీళ్లు డెన్వరు కొళాయిల్లోకి కూడా వస్తాయి. నార్త్ కరోలినాలోని అప్పర్ టెల్లికో అడవి ప్రాంతంలోనూ ఇదే కథ, బురద, ట్రౌట్ చేపలు. 2009లో అక్కడి బండ్ల దారులన్నిటినీ మూసేశారు.

మూస్తే మాత్రం ఊరుకుంటారా? నెవాడాలో జార్బిడ్జ్ అనే చిన్న ఊరుంది. 1995లో వరదొచ్చి, పైనున్న సౌత్ కాన్యన్ రోడ్డు ముక్కను నది తీసుకుపోయింది. ఇక బాగుచేయం, నడకదారి చాలు అంది ఫారెస్ట్ సర్వీసు. 1998లో ఎల్కో కౌంటీ సొంతంగా బుల్‌డోజరు పంపింది. ఆ నదిలో బుల్ ట్రౌట్ అని ఓ చేప ఉంది. బుల్‌డోజరు దిగిన కొద్ది వారాలకే దాన్ని అత్యవసరంగా రక్షిత జాబితాలో చేర్చారు. ఆ రోడ్డు కోసం వేరే రాష్ట్రాల వాళ్లు మద్దతుగా వేల పారలు పంపారు. మీద పడుతున్న ద్వేషం చూసి ఆ అడవి సూపర్‌వైజర్ గ్లోరియా ఫ్లోరా ఉద్యోగానికే రాజీనామా చేశారు. 2000 జులై 4న, సరిగ్గా స్వాతంత్ర్య దినాన, వందలమంది తాళ్లు కట్టి రోడ్డుకు అడ్డంగా ఉన్న బండను లాగిపారేశారు. దానికి లిబర్టీ రాక్ అని పేరు కూడా పెట్టారు. కేసులు ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచాయి. చేపను మాత్రం ఎవరూ మీటింగుకు పిలవలేదు.

మీమీద నాకున్న ఫిర్యాదు ఒకటే. చట్టమంతా మీలోనే పెట్టారు. దారిలో బోర్డు లేకపోయినా, ఉన్న బోర్డు తుపాకీ గుళ్లకు జల్లెడైపోయినా, 'పటంలో లేదు' అన్న ఒక్క మాటతో జరిమానా రాయొచ్చు. పోనీ, అంత బరువు మోసే కాగితాన్ని చదవగలిగేలా గీయాలి కదా! ఇప్పుడు ఫోన్లో కూడా వచ్చారు, చుక్క కదులుతూ దారి చూపిస్తుంది. ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోకపోతే అడవిలో సిగ్నల్ ఉండదు, ఆ సంగతి మీరే ముందే చెప్పాలి. 193 మిలియన్ల ఎకరాలకు పోలీసు అధికారులు కొన్ని వందలమంది. కాబట్టి మిమ్మల్ని జనం చదివితేనే మీరు చట్టం. లేదంటే గీతల కాగితం.

ఇక తెరవాలా మూయాలా అని రెండు పక్షాలూ కొట్టుకుంటున్న రోడ్డును ఎవరైనా వెళ్లి చూశారా అన్నది నా అనుమానం. అడవి రోడ్ల రిపేర్లకు బాకీపడ్డ సొమ్ము బిలియన్ల డాలర్లు. 2025 ఫిబ్రవరిలో ప్రొబేషన్లో ఉన్న అటవీ సిబ్బందిని వేలల్లో ఒక్కసారిగా తీసేశారు, తర్వాత కొందరిని వెనక్కి పిలిచారు. కొలరాడోలో ట్రైళ్లు బాగుచేసే మనుషుల జీతాల్లో కొంత ఇదే బండ్లవాళ్లు బండి తిప్పుకోవడానికి కొనే స్టిక్కరు డబ్బు. ఈ సంగతి బండ్లు వద్దనేవాళ్లు మైకులో చెప్పరు. బండ్లవాళ్లు ఇంకేమీ చెప్పరు.

మాకు ఇక్కడ ఓటు లేదు. గ్రీన్ కార్డు క్యూలోనే జుట్టు నెరిసినవాళ్లం. కానీ మీ గురించి కామెంటు రాయడానికి ఓటు అక్కర్లేదట, ఎవరైనా రాయొచ్చట. ఇన్నేళ్లలో ఈ దేశ ప్రభుత్వం నా అభిప్రాయం అడిగింది మీ పుణ్యాననే. కనుక మీటింగులో కొట్టుకున్న ఆ రోడ్డు గురించి కిందటి వారం కూచుని రాశాను. మా ఆవిడ 'మీకెందుకండీ' అంది. ఫారంలో 'తెరవాలి' అని ఒక గడి, 'మూయాలి' అని ఒక గడి ఉన్నాయి. నేను రాయదలచుకున్నది, రెండో మైలు దగ్గర కల్వర్టు పూడిపోయి నీళ్లు రోడ్డు మీద నుంచే పోతున్నాయి, ముందది తవ్వించండి అని. దానికి గడి లేదు. 'ఇతరములు'లో రాశాను.

ఇట్లు,
ప్రస్తుతానికి 50 అంగుళాల లోపే ఉన్న
ఒక తెలుగువాడు