తుప్పు మీద పెయింట్ వేసి, పెయింట్‌ని తిట్టకండి

ఇప్పుడే సైట్ నుంచి వచ్చాను. గోళ్ల సందుల్లో ఎర్రటి పొడి ఇంకా పోలేదు. బయటి మెట్ల రెయిలింగ్‌కి పెయింట్ వేసి ఏడాది కాలేదు. ఒకచోట బొబ్బ కనిపిస్తే గోరుతో గీరాను. అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూస్తే వెనక అంతా తుప్పు. అంటే పెయింట్ గట్టిగానే పట్టుకుంది, తుప్పుని. ఆ తుప్పే ఉక్కుని వదిలేసింది. పక్కనున్న పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "ఈ పెయింట్ బాగాలేదండీ, వేరే కంపెనీది తెప్పిద్దాం."

ఒళ్లు మండిపోయింది.

కార్బన్ స్టీల్, అంటే మనం వాడే మామూలు ఉక్కు, అల్యూమినియం లాంటిది కాదండీ. అల్యూమినియం మీద పట్టే పొర పల్చగా, బిగువుగా ఉండి లోపలి లోహాన్ని కాస్తుంది. ఉక్కు తుప్పు గుల్లగా ఉంటుంది, నీళ్లనీ గాలినీ లోపలికి పోనిస్తూనే ఉంటుంది. పైగా అది తిన్న ఇనుముకి రెండింతలకు పైగా ఉబ్బుతుంది, పైనున్న పెయింట్‌ని ఎత్తేస్తుంది. వైర్ బ్రష్‌తో నాలుగుసార్లు రుద్ది, మెరిసింది కదా అని రెడ్ ఆక్సైడ్ (పెయింట్ కింద వేసే ఎర్రటి ప్రైమర్) పూసేస్తారు. ఆ మెరుపు చాలాసార్లు నున్నబడిన తుప్పుదే! తుప్పు తిన్న గుంటల్లో చేరిన ఉప్పు అలాగే ఉంటుంది. అది పెయింట్ పొరలోంచి కూడా తేమని లాక్కుంటుంది. ఆ బొబ్బలు అలా వచ్చినవే.

ఇంకొకాయన "పోనీ జింక్ ప్రైమర్ కొట్టేద్దాం" అన్నాడు, అంటే జింక్ పొడి కలిసిన మొదటి పూత. జింక్ తాను కరిగిపోతూ ఉక్కుని కాపాడుతుంది, నిజమే. ఒక లోహాన్ని అడ్డంపెట్టి ఇంకో లోహాన్ని కాపాడొచ్చని 1824లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల రాగి రేకుల మీద చూపించాడు. కానీ జింక్ ఉక్కుకి తగలాలి కదా! మధ్యలో తుప్పు పొర ఉంటే కరెంటు ఎలా పారుతుంది? ఆ ఖరీదైన డబ్బా మామూలు రంగుతో సమానం.

వెల్డింగ్ అంచుల సంగతి ఎత్తితే చాలు, మొహాలు మాడిపోతాయి. పదునైన అంచు మీద పెయింట్ పల్చబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. స్ప్రే చేసే ముందు ఆ గీతల వెంట బ్రష్‌తో ఒక పూత వేయమంటే "టైం లేదు" అంటారు.

ఈ "టైం లేదు" నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట ఒక ట్యాంకు పని. తెల్లవారుజామున ప్లేటు మీద చెయ్యి పెడితే అరచేతికి చెమ్మ తగిలింది. ఉక్కు వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, ఎండ ఎక్కేదాకా ఆగండి అన్నాను. మీటింగులో అందరి ముందూ "ఈయన పని ఆపించడానికే వస్తాడు" అన్నారు. ఆగలేదు. తర్వాత పూత పొరలు పొరలుగా లేస్తే, రిపోర్టులో "పెయింట్ నాణ్యత లోపం" అని రాశారు. నేను రాసిచ్చిన కాగితం ఆ ఫైల్లో లేనే లేదు. మీటింగులో అన్న ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

ఈరోజూ అదే చెప్పాను. గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు రాల్చడం) చేసి తెల్లటి ఉక్కు తేలనివ్వండి, ఉప్పు కడగండి, ఆరాక అదే కంపెనీ పెయింట్ వేయండి, నిలబడుతుంది. "సోమవారానికి అయిపోవాలి" అన్నాడు ఆ పెద్దమనిషి.

పెచ్చుని కవర్లో వేసుకుని తెచ్చాను. రేపు సంతకం పెట్టే ఆయన టేబుల్ మీద, తుప్పు వైపు పైకి ఉండేలా పెడతాను.