మిన్ నదిలో గెలిచింది టార్పెడోనా, ఆటుపోటా?

ఒక పొడవాటి గెడ. దాని చివర పేలుడు దూది నింపిన డబ్బా. ఆ గెడను ముక్కుకు బిగించుకున్న చిన్న ఆవిరి పడవ. శత్రునౌక దగ్గరికంటా వెళ్లి, గెడను నీళ్లలోకి వంచి, డబ్బాను దాని పొట్టకు ఆనించి పేల్చాలి. పేల్చేవాడికీ పేలుడుకీ మధ్య ఉండేది గెడ పొడవంత దూరమే. 1884లో చైనాలోని మిన్ నదిలో ఫ్రెంచి నౌకాదళం వాడిన టార్పెడో ఇది. విశాఖ సాగరతీరంలో కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్లి చూసినవారికి టార్పెడో అంటే గొట్టంలోంచి వెలువడి తనంతట తానే నీళ్లలో దూసుకుపోయే ఆయుధం గుర్తుకొస్తుంది. ఆ రకం కూడా అప్పటికే పుట్టింది. ఇంగ్లిషు ఇంజనీరు రాబర్ట్ వైట్‌హెడ్ 1866లోనే ఏడ్రియాటిక్ తీరంలోని ఫ్యూమె పట్టణంలో దాన్ని తయారుచేశాడు. అసలు టార్పెడో అన్న మాట ఆ రోజుల్లో చాలా వదులుగా వాడేవారు. నీళ్లలో తేలుతూ ఒకేచోట ఉండే మందుపాతరనూ టార్పెడో అనే పిలిచేవారు. ఇన్ని రకాల్లో అడ్మిరల్ అమెదే కూర్బే ఆ రోజు ఎంచుకున్నది మాత్రం గెడనే. ఆయన తెలియక చేసిన పని కాదది. ఒలెరాన్ దీవిలోని బోయార్‌విల్‌లో ఫ్రెంచి నౌకాదళం నడిపిన టార్పెడో పాఠశాలకు ఆయన ఒకప్పుడు అధిపతి.

ఆయన ఎంపిక ఫలించింది. అయితే ఆ విజయానికి కారణమేమిటన్న ప్రశ్నకు ఫ్రాన్స్ తొందరపడి జవాబు చెప్పుకుందనీ, ఆ తొందర తర్వాతి కాలంలో ఆ నౌకాదళానికి చాలా ఖరీదు పడిందనీ నా అభిప్రాయం.

తగువు మొదలైంది టాంకిన్ కోసం, అంటే నేటి ఉత్తర వియత్నాం కోసం. 1884 జూన్‌లో అక్కడి బాక్ లే దగ్గర ఫ్రెంచి, చైనా సేనలు తలపడ్డాయి. ఫ్రాన్స్ పరిహారం అడిగింది, చైనా ఇవ్వనంది. ఒత్తిడి తేవడానికి జూలైలో కూర్బే నౌకలు మిన్ నదిలోకి ప్రవేశించి, ఫూజౌ దిగువన మావెయ్ రేవులో పగోడా ఎదురుగా లంగరు వేశాయి. యుద్ధం ప్రకటించలేదు కాబట్టి వాటిని నదీముఖంలోనే ఆపే సాహసం ఎవరూ చేయలేదు. కోటలను దాటి, ఇరుకు కనుమలను దాటి, శత్రువు వచ్చి నట్టింట కూర్చున్నాడు. నెల రోజులకు పైగా రెండు నౌకాదళాలు కొన్ని వందల మీటర్ల దూరంలో ఒకదాన్నొకటి చూసుకుంటూ గడిపాయి. ముందుగా కాల్చవద్దన్నది చైనా అధికారులకు ఉన్న ఆదేశం. అక్కడి బాధ్యుడు ఝాంగ్ పెయ్‌లున్ గొప్ప పండితుడే, కానీ నౌకాయుద్ధం ఎరగనివాడు.

ఆ రేవులోని నౌకా నిర్మాణ కేంద్రాన్ని కట్టించింది ఫ్రెంచివాళ్లే. 1866లో మొదలైన ఆ కేంద్రాన్ని నిలబెట్టినవాడు ప్రోస్పేర్ జికేల్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి. ఫ్రెంచి ఇంజనీర్లు అక్కడ చైనా కుర్రాళ్లకు గణితమూ, యంత్రశాస్త్రమూ నేర్పారు. చైనా దళానికి పతాకనౌక అయిన యాంగ్‌వు ఆ రేవులోనే తయారైంది. గురువులు శిష్యుల పని చూడటానికి ఫిరంగులతో వచ్చారన్నమాట.

ఇక ఆటుపోట్ల సంగతి. మిన్ నదిలో మావెయ్ దాకా సముద్రపు పోటు వస్తుంది. ముక్కు దగ్గర లంగరు వేసిన నౌక ప్రవాహానికి ఎదురుగా తిరిగి నిలబడుతుంది. పోటు ఎక్కుతున్నప్పుడు ముక్కు సముద్రం వైపు, ఆటు తీస్తున్నప్పుడు ముక్కు ఎగువ వైపు. చైనా నౌకల్లో ఎక్కువ భాగం ఫ్రెంచివాటికి ఎగువన ఉన్నాయి, వాటి పెద్ద ఫిరంగులు ముందుభాగంలో ఉన్నాయి. అంటే పోటు వేళ చైనా ఫిరంగులు ఫ్రెంచి నౌకల వెనుకభాగాన్ని చూస్తుంటాయి. ఆటు వేళ అంతా తారుమారై, చైనా నౌకలు శత్రువుకు వీపు చూపిస్తూ నిలబడతాయి. రోజుకు రెండుసార్లు చైనాకు అవకాశం వచ్చింది, రెండుసార్లు పోయింది. కూర్బే ఆగస్టు 23 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆటు మొదలయ్యే వేళ కోసం కాచుకున్నాడు. ఏ ఆయుధశాలలోనూ దొరకని సరంజామా అది. ఆ వేళను ఎంచుకున్నవాడికి గెడ కాకపోయినా మరొకటి పనిచేసేది.

రెండు టార్పెడో పడవలు సిద్ధంగా ఉన్నాయి. వాటికి పేర్లు లేవు, 45, 46 అన్న అంకెలే. అనుకున్న సమయానికి కొన్ని నిమిషాల ముందే, ఒక చైనా పడవ కూర్బే ఉన్న వోల్టా వైపు కదలడంతో, కాల్పులు మొదలయ్యాయి. లెఫ్టినెంట్ దూజాన్ నడిపిన 46వ నంబరు పడవ తిన్నగా వెళ్లి యాంగ్‌వు పొట్టకు గెడ ఆనించి పేల్చింది. దెబ్బ పూర్తిగా తగిలింది. యాంగ్‌వు మునిగే దారిలో పడింది. లెఫ్టినెంట్ లాటూర్ నడిపిన 45వ నంబరు పడవ ఫూషింగ్ అనే నౌక మీదికి వెళ్లింది గానీ దెబ్బ సరిగ్గా పడలేదు. ఆ నౌక పని ముగించినది తర్వాత వోల్టా నుంచి వెళ్లిన మరో చిన్న పడవ. దాని నాయకుడు బూయె ద లాపేరేర్ పాతికేళ్లకు ఫ్రాన్స్ నౌకాదళ మంత్రి అయ్యాడు.

గెడ పేల్చిన పడవల గతి ఏమైందో కూడా చూడాలి. వెనక్కి మళ్లుతుండగానే 46వ నంబరు పడవ బాయిలర్‌కు గుండు తగిలింది. అది ప్రవాహంలో కొట్టుకుపోయింది. 45వ పడవలో లాటూర్ కంటికి గాయమైంది. ఒక్క దెబ్బతో రెండు పడవలూ యుద్ధానికి పనికిరాకుండా పోయాయి. ఇదంతా పట్టపగలు, నిలిచి ఉన్న లక్ష్యం మీద, కొన్ని వందల మీటర్ల దూరం నుంచి, మెరుపుదాడిలో. ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఏ టార్పెడో పడవకూ దొరకదు.

తక్కిన పనంతా ఫిరంగులది. సరిగ్గా వేళకు వచ్చి చేరిన ఇనుప కవచపు నౌక త్రియోంఫాంత్, మరో మూడు పెద్ద క్రూజర్లు, కొన్ని గన్‌బోట్లు కలిసి చెక్క నౌకలను నుజ్జు చేశాయి. గంటలోపే ఫలితం తేలిపోయింది. 11 చైనా నౌకల్లో 9 పోయాయి. చైనా వైపు మృతుల సంఖ్య ఎవరు లెక్కపెట్టారన్నదాన్ని బట్టి 500 నుంచి 2,000 పైదాకా మారుతుంది. ఫ్రెంచి వైపు చనిపోయినవారు పదిమంది. చైనా నావికులు పారిపోయారనుకుంటే పొరపాటు. మునిగే దశలో ఉన్న నౌకలు కూడా కాల్చాయి. వోల్టా నౌకను నడిపే వేదిక మీద ఒక గుండు పడి నదిలో దారి చూపే పైలట్ చనిపోయాడు, కూర్బే వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. పారిపోయినవాడు ఝాంగ్ పెయ్‌లున్. బ్రిటిష్, అమెరికన్ యుద్ధనౌకలు అదే రేవులో నిలబడి అంతా చూశాయి. చైనా యుద్ధం ప్రకటించింది మూడు రోజుల తర్వాత, ఆగస్టు 26న. ఫ్రాన్స్ చివరిదాకా ప్రకటించనేలేదు.

ఆరు నెలలు గడిచాయి. గెడ టార్పెడో కథలో నాకు నిజంగా గౌరవం కలిగించే రాత్రి అప్పుడు వచ్చింది. ఫ్రెంచివాళ్లు విధించిన తైవాన్ దిగ్బంధాన్ని ఛేదించడానికి బయలుదేరిన ఐదు చైనా నౌకలను కూర్బే తరిమాడు. మూడు వేగంగా తప్పించుకున్నాయి. యుయువాన్ అనే ఫ్రిగేటు, చెంగ్‌చింగ్ అనే చిన్న నౌక నింగ్‌బోకు దక్షిణాన ఉన్న షిపు అఖాతంలో దాక్కున్నాయి. యుయువాన్ చిన్నది కాదు, 2,600 టన్నుల పైచిలుకు. 1885 ఫిబ్రవరి 14 రాత్రి. తెల్లవారితే చైనా కొత్త సంవత్సరం. కూర్బే దళంలోని బయార్ నౌక నుంచి రెండు ఆవిరి లాంచీలు గెడలు కట్టుకుని బయలుదేరాయి. ఒకదానికి నాయకుడు పాల్మా గూర్దోన్, రెండోదానికి దూబోక్. తెలియని అఖాతం, దీవుల మధ్య ఇరుకు దారులు, నల్లరంగు పూసిన పడవలు. తెల్లవారుజామున ఇద్దరూ యుయువాన్‌ను చేరి పేల్చారు. నౌక నుంచి తూటాలు కురుస్తుంటే వెనక్కి తిరిగారు. ఫ్రెంచి వైపు పోయింది ఒకే ఒక్క నావికుడు. పడవలు దారి తప్పి, చాలాసేపటికి గానీ సొంతవాళ్ల కంటపడలేదు. తెల్లారి చూస్తే యుయువాన్ నీళ్లలో కూలబడి ఉంది. పక్కనున్న చెంగ్‌చింగ్ కూడా మునిగింది, కానీ దానికి టార్పెడో తగలలేదు. గందరగోళంలో సొంతవాళ్ల కాల్పులకే అది బలైందని ఫ్రెంచివాళ్లు రాసుకున్నారు.

షిపు వార్త పారిస్‌లో మత్తెక్కించింది. అడ్మిరల్ తెయోఫిల్ ఓబ్, పాత్రికేయుడు గాబ్రియెల్ షార్మ్ వంటివారు అప్పటికే ‘నవతరం’ అని పేరు తెచ్చుకున్న వాదాన్ని ప్రచారం చేస్తున్నారు. కోట్లు పోసి కట్టే భారీ యుద్ధనౌకల కాలం చెల్లింది, చవకైన టార్పెడో పడవలు గుంపులుగా వెళ్లి వాటిని ముంచేస్తాయి, బ్రిటన్‌ను ఎదుర్కోవడానికి అదే దారి అన్నది వాళ్ల మాట. చలిచీమల చేత చిక్కిన పాము కథ చిన్నప్పుడే విన్న మనకు ఈ వాదం ఎందుకు అంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. 1886 జనవరిలో ఓబ్ నౌకాదళ మంత్రి అయ్యాడు. భారీ నౌకల నిర్మాణం ఆపించి, టార్పెడో పడవలకు పెద్దపీట వేశాడు. ఏడాదిన్నర తిరగకముందే పదవి పోయినా, ఆ వాదానికీ పాత పద్ధతికీ మధ్య ఊగిసలాట మాత్రం ఫ్రాన్స్‌ను చాలా ఏళ్లు వదల్లేదు. మంత్రి మారినప్పుడల్లా నౌకల నమూనా మారేది.

వాళ్లు చూడనిదల్లా చీమలు చుట్టుముట్టేనాటికి పాము కదలకుండా పడి ఉందన్న సంగతి. అప్పటిదాకా టార్పెడో గెలిచిన ప్రతి ఘటననూ వరసగా పెట్టి చూడండి. 1864 ఫిబ్రవరిలో అమెరికా అంతర్యుద్ధంలో హన్లీ అనే తొలితరం జలాంతర్గామి గెడతోనే హౌసటోనిక్‌ను ముంచింది. హౌసటోనిక్ లంగరు వేసి ఉంది. అదే యుద్ధంలో, అదే ఏడాది అక్టోబరులో ఉత్తరాది అధికారి కుషింగ్ ముంచిన దక్షిణాది నౌక ఆల్బమార్ల్ ఒడ్డుకు కట్టి ఉంది. 1877లో డాన్యూబ్ నదిలో రష్యన్లు ముంచిన టర్కీ నౌక సెయిఫీ నిలిచే ఉంది. 1878 జనవరిలో నల్లసముద్రపు బటూమీ రేవులో వైట్‌హెడ్ టార్పెడో తొలిసారి ముంచిన టర్కీ ఓడ కూడా నిలిచి ఉన్నదే. ఇక కదిలే లక్ష్యం మాటేమిటి? 1877 మే 29న పెరూ తీరంలో బ్రిటిష్ నౌక షా, కదిలిపోతున్న పెరూ తిరుగుబాటుదారుల నౌక హువాస్కార్ మీద వైట్‌హెడ్ టార్పెడో వదిలింది. యుద్ధంలో స్వయంచాలిత టార్పెడోను ప్రయోగించడం అదే మొదలు. అది తగలలేదు.

ఓబ్‌ను మరీ వెక్కిరించడం కూడా న్యాయం కాదు. ఆయన భయపెట్టిన మాట వాస్తవం. ఆ భయం వల్లే పెద్ద నౌకలు రేవుల్లో ఉక్కు వలలు వేలాడదీసుకున్నాయి, సెర్చిలైట్లు, త్వరితగతిన పేల్చే చిన్న ఫిరంగులు అమర్చుకున్నాయి. టార్పెడో పడవలను వేటాడటానికే 1893లో బ్రిటన్ హావొక్ వంటి కొత్తరకం నౌకలను నీళ్లలోకి దించింది. నేటి డిస్ట్రాయర్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. చీమలు పామును చంపకపోయినా, దాన్ని నిద్రపోనివ్వలేదు. కానీ ఆ పడవలు తుపాను సముద్రంలో నిలవలేవు, చీకటీ ఇరుకునీళ్లూ లేకపోతే దగ్గరికి చేరలేవు. మిన్ నదిలో, షిపులో కూర్బేకు దొరికిన నిశ్శబ్దమైన నీళ్లు ఇంగ్లిష్ చానల్‌లో ఎవరికీ దొరకవు. అది ఆనాటి నావికులకు తెలియని సంగతేమీ కాదు. పత్రికలు చదివి నౌకాదళాన్ని కట్టాలనుకున్నవారికి తెలియదు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, గెడ మళ్లీ వచ్చింది. నల్లసముద్రంలో ఉక్రెయిన్ వాడుతున్న మానవరహిత పడవలు చేస్తున్నది దూజాన్ చేసిన పనే. పేలుడు పదార్థాన్ని శత్రునౌక పొట్టకు తీసుకెళ్లి ఆనించడం. తేడా ఒక్కటే, పడవలో మనిషి లేడు. 2024 ఫిబ్రవరిలో రష్యా నౌకలు ఇవనోవెట్స్, త్సేజర్ కునికోవ్, మార్చిలో సెర్గేయ్ కోతోవ్ అలా మునిగాయి. రష్యా తన నౌకలను సెవాస్తోపోల్ నుంచి నోవోరోసిస్క్ వైపు తరలించాల్సి వచ్చింది. వెంటనే వ్యాఖ్యాతలు కలాలు పట్టారు. పెద్ద యుద్ధనౌకల కాలం చెల్లిందట. 1885లో పారిస్ పత్రికల్లో వచ్చిన మాట ఇదే.

అయితే నా వాదనకు ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. ఇవనోవెట్స్ దాడి వీడియోలో ఆ నౌక కదులుతూనే ఉంది, తప్పించుకోవాలని చూస్తూనే ఉంది. కాబట్టి నిలిచిన నౌకలే మునుగుతాయన్న సూత్రం ఇప్పుడు యథాతథంగా చెల్లదు. పడవలో మనిషి లేనప్పుడు వెనక్కి తిరిగి రావాలన్న బెంగ లేదు, ఒకటి తప్పితే రెండోది, రెండోది తప్పితే మూడోది. కానీ మిగతా షరతులు మారలేదు. నల్లసముద్రం నాలుగు వైపులా మూసుకున్న నీళ్లు. రష్యా నౌకలు తిరిగే దారులూ, రేవులూ ముందే తెలిసినవి. అంటే అక్కడా గెలుపులో సగం స్థలానిది. 2000 అక్టోబరులో ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటూ నిలిచిన అమెరికా నౌక కోల్‌ను బాంబు పడవ చీల్చి 17 మందిని చంపినప్పుడు, గెలుపు దాదాపు పూర్తిగా స్థలానిదే. పసిఫిక్ నడిమధ్యలో ఇదే పని జరిగిన రోజున ఓబ్‌కు క్షమాపణ చెప్పుకుందాం.

మావెయ్ రేవు సంగతి ఒకటి మిగిలింది. దాడి మరునాడు కూర్బే ఆ నిర్మాణ కేంద్రం మీద కూడా ఫిరంగులు పేల్పించాడు, కానీ అది పూర్తిగా నాశనం కాలేదు. మళ్లీ లేచింది. ఫ్రాన్స్‌లో చదువుకుని వచ్చిన చైనా ఇంజనీర్లు, ఫ్రెంచి నమూనా ఆధారంగానే, పింగ్‌యువాన్ అనే ఉక్కు కవచపు నౌకను అక్కడ కట్టి 1888లో నీళ్లలోకి దించారు. చైనా, జపాన్ యుద్ధంలో, 1895 ఫిబ్రవరిలో, చైనాలోని వెయ్‌హాయ్‌వెయ్ రేవులో జపాన్ టార్పెడో పడవలు రాత్రివేళ జొరబడి, లంగరు వేసిన చైనా నౌకలను దెబ్బతీశాయి. పింగ్‌యువాన్ బతికింది, కానీ జపాన్‌కు చిక్కింది. తొమ్మిదేళ్ల తర్వాత అదే జపాన్, యుద్ధం ప్రకటించకుండానే, పోర్ట్ ఆర్థర్‌లో నిలిచి ఉన్న రష్యా నౌకల మీద టార్పెడోలు వదిలింది. ఆ యుద్ధంలో జపాన్ పతాకం కింద తిరుగుతున్న పింగ్‌యువాన్ 1904 సెప్టెంబరులో పోర్ట్ ఆర్థర్ దగ్గర మందుపాతర తగిలి మునిగింది. కూర్బే పాఠశాలలో దాన్ని కూడా టార్పెడో అనే అనేవారు.