ప్రోస్టేట్ తీసేశాక పీఎస్‌ఏ పరీక్ష దండగేనా?

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘ప్రోస్టేట్ మొత్తం తీసేస్తే క్యాన్సర్ మళ్లీ రాదు. తర్వాత పీఎస్‌ఏ పరీక్షలు డబ్బు దండగ. మార్జిన్ పాజిటివ్ అంటే సర్జన్ తప్పు. పీఎస్‌ఏ పెరిగితే ఇక చేసేదేం లేదు.’ పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్, రక్తపరీక్షలో దాన్ని కొలుస్తారు. స్టీల్‌ప్లాంటులో రిటైరై, ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న మా మావయ్య ఇది చదివి, మూణ్ణెల్ల పరీక్షకు రానని కూర్చున్నారు.

మళ్లీ రాదన్నది నిజం కాదు. ఆపరేషన్‌కి ముందే గ్రంథి దాటిన కణాలు స్కాన్‌కి అందనంత చిన్నవిగా ఉండొచ్చు. పదేళ్లలో నూటికి 20 నుంచి 40 మందికి పీఎస్‌ఏ మళ్లీ పెరుగుతుంది. ఎవరికి ముప్పు ఎక్కువో తీసిన గ్రంథిని పరీక్షించిన రిపోర్టు, పాత పీఎస్‌ఏ చూస్తే చాలావరకు తెలుస్తుంది: గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె) 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండటం, క్యాన్సర్ గ్రంథి పొర దాటడం, వీర్యకోశాలకో లింఫ్ గ్రంథులకో పాకడం, ఆపరేషన్‌కి ముందే పీఎస్‌ఏ బాగా ఎక్కువగా ఉండటం. మావయ్య గ్లీసన్ స్కోరు 4+3. మొత్తం 7 అయినా 3+4 కంటే ఇది దూకుడైనది, ఎందుకంటే ముందు రాసే అంకె ఎక్కువ భాగానిది.

పరీక్ష దండగన్న మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. గ్రంథి పోయాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పీఎస్‌ఏ 0.1 కంటే తగ్గిపోవాలి. తర్వాత 0.2కి చేరి, రెండోసారీ అలాగే వస్తే తిరగబెట్టినట్టే లెక్క. కానీ ల్యాబు కాగితం మీద ‘నార్మల్ 0–4’ అని అచ్చు వేసి ఉంటుంది. అది గ్రంథి ఉన్నవాళ్ల కొలత. 0.3 చూసి ‘నార్మలే’ అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తే విలువైన నెలలు పోతాయి.

మార్జిన్ పాజిటివ్ అంటే, తీసిన గ్రంథి అంచుకు సిరా పూసి చూసినప్పుడు క్యాన్సర్ ఆ సిరాను తాకి ఉందని. జబ్బు అప్పటికే పొర దాటి ఉంటే ఎంత మంచి చేతికైనా ఇలా జరగొచ్చు. ముప్పు పెరుగుతుంది నిజమే గానీ, అలా వచ్చినవాళ్లలో చాలామందికి జబ్బు తిరగబెట్టదు.

ఇక ‘చేసేదేం లేదు’ అన్నది క్రూరమైన అబద్ధం. పీఎస్‌ఏ 0.5 దాటకముందే రేడియేషన్ ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆ వైద్యం కోసం ఊరు దాటక్కర్లేదు, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనే ఉంది. పీఎస్‌ఏ ఎన్ని నెలల్లో రెట్టింపవుతోందన్నదీ ముఖ్యమే, ఏడాదిలోపే అయితే జాగ్రత్త పడాలి.

ఇదంతా చెప్పాక మావయ్య రక్తం ఇచ్చారు. పాత కాగితాల్లోని అంకెలన్నీ తేదీలతో సహా డైరీ వెనక పేజీలో ఆయనే వరసగా రాసుకున్నారు.